నిజం చెప్పేదెవరికండీ?

ఆమధ్య మా ఇంటికి సర్వే పిల్ల ఒకతె వచ్చింది. పిల్లలెందరు, గ్యాసుందా లాంటివన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "ఇక మీతో ఒంటరిగా మాట్లాడాలండీ" అంది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తగారు, "మేం వినకూడనివేమిటమ్మా?" అంటూ బుట్టతో సహా ఇంకాస్త దగ్గరికి జరిగారు.

పక్కన మనిషుంటే ఆ ప్రశ్నలు వదిలేయాలని రూలు. వదల్లేదు, ఇంకా ఎన్ని గడపలెక్కాలో పాపం! "మీకిష్టం లేనప్పుడు మీవారు బలవంతంగా ఎప్పుడైనా..." అని గొణిగింది.

"అబ్బే, అలాంటివేం లేవు" అన్నాను. ఎంత గబుక్కున అన్నానంటే, అత్తగారు తలెత్తి చూశారు. ఆ పిల్ల ట్యాబులో 'లేదు' నొక్కేసింది. దేశం లెక్కలో నాదొక 'లేదు'.

స్టాటిస్టిక్స్ చదివే మా అమ్మాయికి చెబితే నవ్వింది. 1953లో కిన్సీ అనే అమెరికా ప్రొఫెసరు దాదాపు 6,000 మంది ఆడవాళ్లని అడిగి లావుపాటి పుస్తకం వేశాడట. అయితే ఏం, నోరు విప్పడానికి ఒప్పుకున్నవాళ్ల మాటలేగా! 2003లో అచ్చయిన ఇంకో పరిశోధన మరీ చిత్రం. ఇంతవరకూ ఎందరితో సంబంధమని కాలేజీ పిల్లల్ని అడిగారు. తమ కాగితం ఎవరైనా చూస్తారేమోనన్న ఆడపిల్లల సగటు 2.6, అబద్ధాలు పట్టే మిషనంటూ ఉత్తుత్తి వైర్లు తగిలిస్తే 4.4! మగపిల్లల లెక్క పెద్దగా కదల్లేదట.

నాకా వైర్లు తగిలిస్తే ఏం చెప్పేదాన్నో!

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ అత్తగారు, "ఆ పిల్ల మళ్లీ వస్తుందా?" అన్నారు.

"ఎందుకత్తయ్యా?"

"నన్నడగలేదుగా."

"నలభై తొమ్మిది దాటినవాళ్లని అడగరటండీ."

"ఓహో" అని, వంటింట్లో లైటార్పేశారు.