కొండ మీద ఎన్ని రాత్రులు?

"ఐలండ్ పీక్ ఎక్కాలనుందండీ, ఏ కంపెనీతో వెళ్ళమంటారు?" ఈమధ్య ఈ ప్రశ్న తరచు వింటున్నాను. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచొచ్చి, ఆ మంచుకొండల మీద ఒక్కటైనా ఎక్కకుండా ఎలా అని మనసు పీకుతున్న కుర్రాళ్ళు అడుగుతున్నారు. పిల్లలు స్థిరపడ్డాక ఇన్నాళ్ళకి తీరిక దొరికిన దంపతులూ అడుగుతున్నారు. మంచి కోరిక. చలిగానే ఉంది, పొయ్యి దగ్గరికి జరగండి, తీరిగ్గా మాట్లాడుకుందాం. కంపెనీ సంగతి ఆఖర్న చూద్దాం. ముందు కొండ సంగతి.

ఐలండ్ పీక్ అసలు పేరు ఇమ్జా ట్సే. నేపాల్‌లో ఖుంబు ప్రాంతంలో, ల్హోట్సే దక్షిణపు గోడకి ఎదురుగా ఉంటుంది. ఎత్తు 6,189 మీటర్లు. డింగ్‌బోచే వైపు నుంచి చూస్తే హిమానీనదాల నడుమ దీవిలా ఉంటుందని ఆ ఇంగ్లీషు పేరు పెట్టారు. 1953లో ఎవరెస్ట్ ఎక్కడానికి వచ్చిన బ్రిటిష్ పర్వతారోహణ జట్టు మనుషులు కొత్త పరికరాలకి చెయ్యి అలవాటు చేసుకోవడానికి సాధన చేసిందీ ఈ కొండ మీదే. ఆ జట్టులో టెన్జింగ్ నార్గే కూడా ఉన్నాడు. అంటే మీరు వెళ్ళేది చిన్న చోటుకేం కాదు.

ఐలండ్ పీక్‌ని ట్రెకింగ్ పీక్ అంటారు కదా, నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు అనుకుంటారు చాలామంది. నేపాల్ మౌంటెనీరింగ్ అసోసియేషన్ తేలిగ్గా అనుమతి ఇచ్చే కొన్ని శిఖరాల జాబితా అది, అంతే. కుసుమ్ కంగురు లాంటి, ఆరితేరిన వాళ్ళని కూడా వెనక్కి పంపే కొండ కూడా అదే జాబితాలో ఉంది. ఐలండ్ పీక్ అంత కఠినం కాదు గానీ, చివర్లో ఒక నిటారు మంచుగోడ ఉంటుంది. తాడు పట్టుకుని, జుమార్ (తాడు మీద పైకే జరిగి, కిందికి జారని పిడి) తోసుకుంటూ ఎక్కాలి. దాని ముందు మంచు నోరు తెరిచిన పగుళ్ళు ఉంటాయి, కొన్ని సీజన్లలో వాటి మీద అల్యూమినియం నిచ్చెనలు వేస్తారు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, పైకి వెళ్ళాక నిరాశపడకుండా. ఐలండ్ పీక్ మీద నుంచి ఎవరెస్ట్ కనపడదు. ల్హోట్సే గోడ అడ్డం. ఆ గోడ మాత్రం మీ మొహానికి ఎదురుగా ఇంకో రెండు వేల మీటర్ల పైచిలుకు లేచి ఉంటుంది. తూర్పున మకాలు, దక్షిణాన అమా దబ్లం. నాకైతే ఆ దృశ్యం ముందు ఎవరెస్ట్ కనపడలేదన్న లోటే తోచదు. కాదు, ఎవరెస్ట్ చూసి తీరాలంటారా, మెరా పీక్ చూడండి. 6,476 మీటర్లు. ఎత్తు ఎక్కువే గానీ నిటారు గోడలు లేవు, పొడవాటి మంచు వాలు. వాతావరణం కలిసొస్తే ఎవరెస్ట్, ల్హోట్సే, మకాలు, చో ఓయు, కాంచనజంగ, ఐదూ ఒకే చోట నిలబడి చూడొచ్చు. తాళ్ళంటే బెరుకున్న వాళ్ళకి నేను మెరానే చెప్తాను.

సరే, అసలు విషయానికొద్దాం. కంపెనీలు పంపే కాగితాల్లో అందరూ ముందు చూసేది ధర, తర్వాత శిఖరం రోజు. నేను మాత్రం ముందు రాత్రులు చూడమంటాను. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటున్నాం, ఆ ఊరి ఎత్తెంత, నిన్నటికంటే ఎంత పైకి? ఒక కాగితం తీసుకుని వరుసగా రాయండి. లుక్లాలో విమానం దిగగానే 2,860 మీటర్లు. ఆ రాత్రి ఫక్డింగ్, 2,610. మర్నాడు నామ్చే బజార్, 3,440. ఒక్కరోజులో ఎనిమిది వందల మీటర్ల పైన. అందుకే నామ్చేలో రెండు రాత్రులు ఉండి తీరాలి. తర్వాత తెంగ్‌బోచే, 3,860 దరిదాపు. ఆపైన డింగ్‌బోచే, 4,410, అక్కడా రెండు రాత్రులు. తర్వాత చుకుంగ్, 4,730. నన్నడిగితే అక్కడ కూడా రెండు రాత్రులుండి, మధ్య రోజు చుకుంగ్ రి ఎక్కి దిగాలి. అది 5,500 దాటుతుంది. పగలు ఎత్తుకి వెళ్ళి, రాత్రి కిందికొచ్చి పడుకోవడం అన్నమాట. ఆ తర్వాతే 5,087 మీటర్ల దగ్గరున్న ఐలండ్ పీక్ బేస్ క్యాంప్.

కొండ వైద్యులు చెప్పే లెక్క ఇది: మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకి ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు సగమే. ఆ సగంతో బతకడం ఒళ్ళు నేర్చుకోవాలి, దానికి పట్టే రోజులు దానికి పడతాయి. పాలు తోడేసి, త్వరగా పేరుకోవాలని గిన్నె కింద మంట పెడితే పెరుగవుతుందా? ఒళ్ళూ అంతే. మీరు వ్యాయామం బాగా చేసిన మనిషే కావచ్చు, మారథాన్లు పరిగెత్తి ఉండొచ్చు. ఎత్తు జబ్బుకి ఆ సంగతి పట్టదు. గట్టివాళ్ళే వేగంగా పైకి పోయి పడిపోవడం కద్దు.

కాబట్టి "పన్నెండు రోజుల్లో ఐలండ్ పీక్" అని ఎవరన్నా చెప్తే, మీ దగ్గరున్న కాగితంతో పోల్చి చూడండి. ఏ రాత్రులు ఎగిరిపోయాయో మీకే తెలుస్తుంది. ఖాట్మండు నుంచి ఖాట్మండుకి పదహారు నుంచి పద్దెనిమిది రోజులు పెట్టుకోమంటాను. అందులో ఒకటి, వాతావరణం చెడితే కొండ దగ్గరే ఆగడానికి. ఇంకొకటి రెండు, లుక్లా విమానం ఎగరకపోతే ఆగడానికి. ఆఫీసులో సెలవు దొరకదంటారు, నాకు తెలుసు. అయితే ఈ ఏడాది వద్దు, సెలవు కూడబెట్టుకుని వచ్చే ఏడాది వెళ్ళండి. కొండకి తొందర లేదు.

డయామాక్స్ గురించి కూడా అడుగుతారు. ఒళ్ళు అలవాటు పడటానికి అది సాయం చేస్తుంది, నిజమే. కానీ అది మీ డాక్టరు చెప్పాల్సిన మందు. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. మందు మింగి రాత్రులు తగ్గించుకోవచ్చు అనుకోవడం మాత్రం ప్రమాదం. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఇంకో మీటరు పైకి వెళ్ళొద్దు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అప్పటికప్పుడు, అర్ధరాత్రయినా సరే, కిందికి దిగాలి. డింగ్‌బోచేకి పక్క లోయలోనే ఫెరిచే ఉంది. అక్కడ సీజన్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ డాక్టర్లు ఉంటారు. మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు మీద చిన్న ప్రసంగం కూడా చేస్తారు. వీలైతే వెళ్ళి వినండి.

ఇప్పుడు కంపెనీకి ఫోను చేద్దాం. "మా క్లైంబింగ్ గైడ్ ఎవరు, ఆయనకి ఏ లైసెన్సు ఉంది, ఆయన వెంట తాడు మీద ఎంతమంది?" అని అడగండి. ఇద్దరికొకరుంటే మేలు. దారి చూపించే ట్రెకింగ్ గైడు, మంచు మీద తాడు కట్టే గైడు వేరువేరు మనుషులు. మొదటాయన్నే రెండో పనికి కూడా పంపిస్తామంటే, ఆ చదువు ఆయనకుందో లేదో తేల్చుకోండి. తర్వాత, "వెనక్కి తిరగాలన్న మాట ఎవరిది?" అని అడగండి. గైడుదే అని తడుముకోకుండా చెప్పే వాళ్ళని నేను నమ్ముతాను. ఆ మాటకి మీరూ కట్టుబడాలి. శిఖరం ఇంకో వంద మీటర్లుందనగా ఆయన గడియారం చూసి చాలన్నాడనుకోండి, డబ్బు కట్టింది మేమే కదా అని వాదించకూడదు. ఆయనకీ ఇంట్లో పిల్లలున్నారు.

పోర్టర్ల సంగతి అడగడం మర్చిపోవద్దు, బతిమాలి చెప్తున్నాను. మోత ముప్ఫై కిలోలు దాటకూడదు. అంటే ఇద్దరి సామాను ఒకరికి, మనిషికి పదిహేను కిలోలు. వాళ్ళకి ఇన్సూరెన్సు ఉందా, చలికి తగ్గ బట్టలు, బూట్లు ఉన్నాయా, రాత్రి ఎక్కడ పడుకుంటారు? చాలామంది పోర్టర్లు దిగువ లోయల నుంచి వచ్చేవాళ్ళు. ఎత్తు వాళ్ళకీ మనలాగే కొత్త, జబ్బు వాళ్ళకీ చేస్తుంది. ధర బాగా తక్కువ చెప్పిన కంపెనీ ఆ తగ్గింపు ఎక్కడ తెచ్చిందో వెతికితే, చాలాసార్లు ఈ మనుషుల దగ్గరే కనపడుతుంది.

మీ ఇన్సూరెన్సు పాలసీలో చిన్న అక్షరాలు చదవండి. కొన్ని పాలసీలు 4,500 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి, కొన్ని తాడు, క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ముళ్ళు) వాడితే వర్తించవంటాయి. మీకు కావలసింది 6,500 మీటర్ల దాకా, హెలికాప్టర్ రక్షణతో సహా. అవసరం లేకపోయినా ట్రెకర్లని హెలికాప్టర్ ఎక్కించి ఇన్సూరెన్సు డబ్బు గుంజే దందా మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపించింది. కనుక, హెలికాప్టర్ పిలిచే ముందు ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేసే నంబరు మీ దగ్గర, మీ తోటివాళ్ళ దగ్గర ఉండాలి.

ఇక సాధన. కాళ్ళకి అలిపిరి మెట్లని మించింది లేదు. 3,550 మెట్లు, వీపు మీద సంచితో. ఎక్కడమే కాదు, నడిచి దిగడం కూడా. శిఖరం రోజు మోకాళ్ళని పట్టేది దిగడమే. తాడు పనికి భువనగిరి కోట రాయి ఉంది. అక్కడి రాక్ క్లైంబింగ్ బడిలోనే కదా మాలావత్ పూర్ణ మొదట రాయి పట్టుకుంది! నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, ఖమ్మం నుంచి వచ్చిన ఆనంద్ కుమార్, ఇద్దరూ గురుకులం పిల్లలు, భువనగిరిలో మొదలుపెట్టి డార్జిలింగ్‌లో నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్ళు నిండలేదు. వాళ్ళని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది. మీరూ ఒక శని, ఆదివారాలు భువనగిరి వెళ్ళి జుమార్ ఎక్కించడం, ఫిగర్ ఆఫ్ ఎయిట్‌తో దిగడం, మందపాటి చేతి తొడుగులతోనే కారాబైనర్ మార్చడం నేర్చుకోండి. మంచుగోడ కింద చీకట్లో, చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా మొదటిసారి నేర్చుకునే విద్య కాదది. నెల రోజులు తీరిక ఉన్నవాళ్ళు డార్జిలింగ్‌లోనో ఉత్తరకాశీలోనో బేసిక్ కోర్సు చేస్తే ఇంకేం కావాలి! ఎత్తు మాత్రం మన దగ్గర నేర్పే చోటు లేదు. తూర్పు కనుమల్లో ఎంత పైకెళ్ళినా 1,700 మీటర్లే.

సామానుకి పెద్దగా కంగారు పడకండి. డబుల్ బూట్లు, క్రాంపాన్లు, హార్నెస్, హెల్మెట్ అన్నీ ఖాట్మండు థమేల్‌లో అద్దెకి దొరుకుతాయి. బూటు మాత్రం రెండు జతల మేజోళ్ళతో తొడిగి, కొట్లోనే నాలుగడుగులు వేసి చూడండి. తిండి విషయం చెప్తాను. పైకి వెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, తినకపోతే కాళ్ళు లేవవు. అక్కడ దాల్ భాత్ మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. కందిపొడి, కాస్త ఆవకాయ వెంట ఉంటే మన నాలుకకి ముద్ద దిగుతుంది. శిఖరం రాత్రికి జేబులో పల్లీ చిక్కీ పెట్టుకోండి.

ఆ రాత్రి ఒంటిగంట, రెండింటికి బయల్దేరతారు. బేస్ క్యాంప్‌కి వచ్చేటప్పుడే ఇమ్జా సరస్సు గట్టు వెంట నడిచి ఉంటారు. డెబ్బై ఏళ్ళ కిందట అక్కడ చిన్న చిన్న గుంటలు తప్ప సరస్సు లేదు. హిమానీనదం కరిగి కరిగి పెరిగింది. గట్టు తెగితే కింది ఊళ్ళు కొట్టుకుపోతాయని 2016లో నేపాల్ సైన్యం కాలువ తవ్వి నీటిమట్టం మూడు మీటర్ల పైగా దించింది. ఆ మంచు కరగడం వల్లే పగుళ్ళూ దారీ ఏటా మారుతున్నాయి. ఎప్పుడో వెళ్ళొచ్చిన వాళ్ళ మాటల కంటే ఈ సీజన్లో ఎక్కిన గైడు మాటే మీకు ఆధారం. ఏప్రిల్, మే నెలల్లో అయినా, అక్టోబర్, నవంబర్‌లో అయినా సరే.

తిరుగు ప్రయాణంలో లుక్లాలో ఆఖరి రాత్రి అందరూ ఒకచోట చేరతారు. మర్నాటి విమానాలు చాలావరకు సీజన్లో ఖాట్మండుకి కాదు, రామెఛాప్‌కి వెళ్తాయి. అక్కడి నుంచి నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం ఉంటుంది. కాబట్టి హైదరాబాద్ టికెట్టు అదే రోజుకి తీసుకోవద్దు. ఇచ్చే బహుమానం డబ్బు మొత్తం నాయకుడి చేతిలో పెట్టకుండా, కవర్లు విడివిడిగా కట్టి, పోర్టర్‌కి పోర్టర్, వంటమనిషికి వంటమనిషి, పేరు పెట్టి పిలిచి ఎవరి చేతికి వాళ్ళకి ఇవ్వండి. ఆ డబ్బు ఖర్చుల్లో మొదటి రోజే రాసుకోండి, చివర్లో మిగిలితే ఇద్దామని కాదు.