అరగని చోట కొలవాలి

జనగామ నుంచి హనుమకొండ పోయే తోవలో, ఊరు దాటే చోట రెండు వేపచెట్ల నడుమ, అందరూ ఉస్తాద్ అని పిలిచే మెకానిక్ షెడ్డు ఉండేది. పైన తుప్పు పట్టిన రేకులు. కింద ఆయిల్ తాగి నల్లబడ్డ మన్ను. మధ్యలో, మనిషి దిగి లారీ అడుగు భాగాన పని చేసుకోవడానికి తవ్విన పొడవాటి గొయ్యి. 1980లలో నా వానకాలాలు చాలా వరకు అక్కడే గడిచాయి. ఎండలున్నన్నాళ్లు మా మిలిటరీ లారీ భూపాలపల్లి అడవుల్లో వెదురు మోసేది. మృగశిర కార్తె రాగానే అడవి బాటలు బురదయ్యేవి, వెదురు కొట్టే కూపుల్లో పని ఆగేది, లారీ షెడ్డుకు చేరేది. ఊరంతా నాట్ల హడావిడిలో ఉంటే మా ఇంట్లో మరమ్మతుల హడావిడి.

అది శక్తిమాన్ లారీ. జర్మనీలోని మ్యాన్ కంపెనీ లైసెన్సు మీద 1959 నుంచి జబల్‌పూర్‌లోని ప్రభుత్వ కర్మాగారాల్లో సైన్యం కోసం తయారైన బండి. సైన్యంలో దాని కాలం తీరాక వేలానికి వచ్చింది. పాడిన సికింద్రాబాద్ వ్యాపారి దగ్గర మా బాపు, మేనమామ చెరిసగం పెట్టి కొన్నారు. కొత్త రంగు వేసినా, కిందున్న మిలిటరీ నంబరు ఎండ ఏటవాలుగా పడితే కనిపించేది. ముందు పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన సంవత్సరం తెలిపే రెండంకెలు. వెనక యాక్సిల్ నడుమ ఉబ్బుకు తెల్ల రంగు పూసి ఉండేది, దాని పైన చిన్న దీపం. రాత్రి పూట హెడ్‌లైట్లు ఆర్పేసి బారుగా పోయేటప్పుడు వెనక డ్రైవరుకు ఆ తెల్లటి గుండ్రమే దారి అని ఉస్తాద్ చెప్పాడు. శత్రు విమానానికి కనపడకుండా, తోటివాడికి మాత్రం కనపడేలా ఒక దీపాన్ని ఎక్కడ పెట్టాలో ఆలోచించిన మనుషులున్నారని తెలిసి, ఆ వయసులో ఎంతో ఆశ్చర్యపోయాను.

బాపు దాన్ని ఎందుకు కొన్నాడంటే, నాలుగు చక్రాలూ లాగుతాయి గనుక. అప్పట్లో రోడ్ల మీద తిరిగే టాటా లారీని జనం ఇంకా బెంజి అనే పిలిచేవాళ్లు. మెర్సిడెస్ బెంజ్‌తో టాటాల ఒప్పందం 1969లో ముగిసినా ఆ పేరు పోలేదు. తారు రోడ్డు మీద దానికి తిరుగు లేదు. వాగు ఇసుకలో దిగితే మాత్రం వెనక చక్రాలు గిర్రున తిరిగి అక్కడే గొయ్యి తవ్వుకునేవి. భూపాలపల్లి అంటే అప్పటికి మాకు అడవి, వాగులు, వెదురు. గనుల పట్టణంగా మారడం ఆ తర్వాతి కథ. కోసిన వెదురు ఏటూరునాగారం అవతల కమలాపురంలోని రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. లోపలి కూపుల నుంచి పెద్ద రోడ్డు దాకా లాక్కురావడమే మా లారీ పని. మేడారం జాతర వచ్చిందంటే ఆ పని పక్కన పెట్టి, జంపన్న వాగు ఇసుకలో కూరుకుపోయిన బస్సులకు, ఎడ్లబండ్లకు గొలుసు కట్టి లాగేది. అమ్మవార్ల దగ్గరికి పోయే జనం దగ్గర బాపు పైసా తీసుకునేవాడు కాదు.

బండి చవకగా దొరికింది. దాన్ని నడిపించడమే కష్టం. టాటా సామాను వరంగల్‌లో ఏ దుకాణంలోనైనా ఉండేది. శక్తిమాన్ సామాను సైన్యం డిపోలకే పోయేది. వేలాల్లో అమ్ముడుపోయిన లాట్లలో కలిసి వచ్చిందే బయటివాళ్లకు దక్కేది. అందుకే ఏదన్నా పాడైతే ఉస్తాద్ మూడు ప్రశ్నలు వేసుకునేవాడు. ఇది ఇంకో బండిలో, ఇంకో యంత్రంలో ఉందా? లేకపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుందా? అక్కడా లేకపోతే మనం చేయగలమా? ఈ వరుస ఎప్పుడూ తప్పేది కాదు.

మొదటి ప్రశ్నకు జవాబు నాకు లెక్కల పాఠంలా దొరికింది. లారీలోంచి తీసిన బేరింగును కిరసనాయిల్‌లో కడిగి నా చేతికిచ్చాడు.

"నంబర్ చదువు బేటా."

"ఆరు వేల మూడు వందల ఎనిమిది."

"ఆఖరి రెండంకెలు ఐదుతోని గుణించు."

ఎనిమిదైదులు నలభై. స్కేలు పెట్టి చూస్తే లోపలి రంధ్రం సరిగ్గా నలభై మిల్లీమీటర్లు. ఆ లెక్క ప్రపంచమంతటా ఒకటే. జర్మనీ లారీలో ఉన్నా, వ్యవసాయ మోటారులో ఉన్నా, పిండిగిర్నీలో ఉన్నా 6308 అంటే అదే కొలత. 6208కి కూడా లోపల నలభయ్యే, కానీ బయటి చుట్టు తొంభైకి బదులు ఎనభై. అంటే అదే షాఫ్టుకు పడుతుంది గాని బరువు తక్కువ మోస్తుంది. ఆ రోజు నుంచి ఏ దుకాణం ముందు నిలబడ్డా నా కళ్లు నంబర్లు వెతికేవి. బండి పేరు అడిగితే లేదనే దుకాణదారు బేరింగు నంబరు అడిగితే డబ్బా తీసి ముందు పెట్టేవాడు. ఆయిల్ సీలుదీ అదే దారి. లోపలి కొలత, బయటి కొలత, మందం చెప్తే చాలు, ఎందులోది అని ఎవరూ అడగరు.

అయితే కొలత మోసం కూడా చేస్తుంది. జర్మన్ బండి గనుక శక్తిమాన్ బోల్టులన్నీ మిల్లీమీటర్లలోనే ఉండేవి. షెడ్డు మూలన డబ్బాల్లో పడి ఉన్న పాత డాడ్జి, ఫోర్డు బోల్టులు అంగుళాలవి. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు తలకు పంతొమ్మిది నంబరు పానా పడుతుంది. అర అంగుళం బోల్టు తలకు ముప్పావు అంగుళం పానా కావాలి. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. రెంటికీ ఒకే పానా చక్కగా కూర్చుంటుంది. కానీ అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు, పైగా మర వేరు. పానా పట్టిందని బలవంతంగా బిగిస్తే మర చెడుతుంది, ఒక్కోసారి హౌసింగే పగులుతుంది. అందుకే ఉస్తాద్ బోల్టులను రెండు డబ్బాల్లో విడివిడిగా పెట్టించేవాడు. ఒకదాని మీద ఎర్ర గీత, ఇంకోదాని మీద తెల్ల గీత. వాటిని ఏరడం నా పని. మర గేజి పళ్లను బోల్టుకు ఆనించి, వెలుగుకు ఎదురుగా పట్టి చూసేవాణ్ని. సందులోంచి వెలుగు రాకపోతే అది దాని జోడీ.

ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి మార్పిడి లెక్కలు పనికిరావు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ను లోకానికి చూపింది ఆగ్స్‌బర్గ్‌లోని ఫ్యాక్టరీలో. తర్వాత మ్యాన్ అయిన కంపెనీ అదే. ఆ కంపెనీ 1950లలో ఒక పద్ధతి తెచ్చింది. పిస్టన్ తలలో గుండ్రటి గిన్నెలాంటి గుంత ఉంటుంది. డీజిల్‌ను గాలిలోకి చిమ్మకుండా ఆ గుంత గోడ మీదికి చిమ్ముతారు. అక్కడ పలచగా పరుచుకుని, ఆవిరై, నిదానంగా మండుతుంది. మా లారీ చప్పుడు మెత్తగా ఉండటానికి కారణం అదే. కొలత కలిసిందని వేరే పిస్టన్ వేస్తే ఇంజన్ నడుస్తుందేమో గాని ఆ మంట రాదు. "గిన్నె మార్చొద్దు, నోజుల్ మార్చొద్దు. మిగతాది నేను చూస్కుంట" అనేవాడు ఉస్తాద్. దేన్ని మార్చవచ్చో తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. దేన్ని ముట్టుకోకూడదో తెలిసినవాడే ఉస్తాద్.

పిస్టన్లు, రింగులు, గేరు పళ్ల కోసం రాణిగంజ్ పోవాల్సిందే. అరిగిన ముక్కను గోనె సంచిలో చుట్టుకుని బాపు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాడు. సెలవులైతే నేనూ తోక పట్టుకుని పోయేవాణ్ని. కంటోన్మెంటు పక్కనే ఉండటం వల్ల సికింద్రాబాద్‌లో మిలిటరీ లాట్లు కొనే దుకాణాలు ఉండేవి. పెద్ద రోడ్డు మీద కొత్త సామాను, వెనక సందుల్లో పాతది. చీకటి గదుల్లో కప్పు దాకా పేర్చిన గేరు చక్రాలు, షాఫ్టులు, డైనమోలు. వాటి మధ్య, చిక్కటి గ్రీజు పట్టించి మైనం కాగితంలో చుట్టిన కొత్త ముక్క దొరికితే బాపు ముఖం వెలిగిపోయేది. దుకాణదారు చిట్టా చూసేవాడు కాదు. సంచిలోంచి మా ముక్క తీసుకుని చేతిలో తిప్పి, కళ్లు మూసుకున్నట్టే లోపలికి పోయి, పై అరలోంచి దాని జతను తెచ్చేవాడు. దొరకని రోజున ఉత్త చేతులతో పంపేవాడు కాదు. ఫలానా ఊళ్లో ఫలానా క్రేను కింద ఇదే చాసీ ఉంది, అడిగి చూడమని చెప్పేవాడు. అలాంటి మాటలే మాకు పటం. ఏ ఊళ్లో ఎవరి లారీ విప్పుతున్నారు, ఎవరి దొడ్లో పాత గేర్ బాక్స్ పడి ఉంది అనే కబురు డ్రైవర్ల నోట, క్లీనర్ల నోట జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు ఊళ్లూ తిరిగేది.

మూడో ప్రశ్నకు జవాబు మానుకోటలో ఉండేది. మహబూబాబాద్‌ను మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మామ కాజీపేట లోకో షెడ్డులో పని నేర్చుకుని, మిర్చి మార్కెట్‌కు దగ్గర్లో లేతు మిషన్ పెట్టాడు. మిర్చి బస్తాలు దిగే నెలల్లో ఘాటుకు కళ్లు మండేవి. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడే పని. అర్ధరాత్రి వచ్చినా లేచి మిషన్ వేసేవాడు.

ఒకసారి బాపు ముందు చక్రాల కింగ్ పిన్ను, దాని బుష్షు తీసుకుని పోయాడు. అచ్చం ఇలాంటివే చేయమన్నాడు.

"బావా, ఇది అరిగింది. దీన్ని చూసి చేస్తే అరిగిందే తయారైతది. కొత్తప్పుడు ఎట్లుండెనో ఇండ్ల యాడుంది?" అన్నాడు మామ.

అప్పుడు ఉస్తాద్ మాట బాపుకు గుర్తొచ్చింది. జనగామలో సంచి కట్టేటప్పుడు చెప్పాడట: "అరగని కాడ కొలువమను." మామ పిన్నును గుడ్డతో తుడిచి పైనుంచి కిందికి వేలితో తడిమాడు. బుష్షు రాసుకున్న చోట గాడి పడింది. చివరన, గ్రీజు సీలు కింద దాగిన అరవేలెడు మేర మాత్రం పుట్టినప్పటి నునుపుతో మెరుస్తోంది. మైక్రోమీటరును అక్కడ బిగించాడు. ఆ ఒక్క చోటు కొలత నుంచే మొత్తం పిన్ను పుట్టింది. బుష్షుకు గన్‌మెటల్ కావాలి. రాగి నూటికి ఎనభై ఎనిమిది పాళ్లు, తగరం పది, జింకు రెండు. పసుపచ్చని ఇత్తడి పెడితే ఒక్క ఎండాకాలానికే సాగుతుంది. జనగామ పక్కనే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు. అక్కడి పెద్దాయన ఒకరు లోహపు దిమ్మెను ఆకురాయితో గీసి, రంగు చూసి, తగరం చాలిందో లేదో చెప్పేవాడు.

అడవిలో వెనక యాక్సిల్ షాఫ్ట్ విరిగిన సంగతి మా ఇంట్లో ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. వెదురు లోడుతో వాగు గట్టు ఎక్కుతుండగా టప్పున శబ్దం వచ్చి బండి ఆగిపోయింది. డ్రైవరన్న భయపడలేదు. శక్తిమాన్ యాక్సిల్‌లో షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే. బరువు మోసేది దాని చుట్టూ ఉన్న గొట్టం. అందుకే విరిగిన షాఫ్టును బయటికి లాగేసినా చక్రం ఊడదు. చించిన రేకు డబ్బాను చదును చేసి, హబ్బు మూతి మూసి, ఆయిల్ కారకుండా బిగించాడు. ముందు యాక్సిల్ గేరు వేశాడు. లోడు దించి, ముందు చక్రాలతోనే లారీని రోడ్డు దాకా లాక్కొచ్చాడు. బండి కదిలే దాకా రాత్రులు లారీ దగ్గర కావలి ఉన్నవాళ్లకు అంబలి, కూర పంపింది దగ్గరి కోయ గూడెం వాళ్లు.

విరిగిన ముక్కను ఉస్తాద్ నా ముందు పెట్టి చూడమన్నాడు. విరుపులో సగం నల్లగా, నునుపుగా ఉంది. మిగతా సగం తెల్లగా, గరుకుగా చక్కెర పలుకుల్లా ఉంది. నల్లనిది ఎప్పుడో మొదలైన పగులు. ఏళ్లుగా కొంచెం కొంచెంగా పాకుతూ వచ్చింది. తెల్లనిదే ఆ రోజు విరిగింది. అంటే ఆ గట్టు దాన్ని విరచలేదు. ఎప్పుడో మిలిటరీలో ఉండగా పడిన చిన్న గీత విరిచింది. ఆ పగులును చూశాక రెండో వైపు షాఫ్టును కూడా విప్పి వెతికారు. కొత్త షాఫ్టుకు మామూలు ఇనుము పనికిరాదు. అంతకన్నా పెద్ద బండిదైన విరిగిన షాఫ్టును కొని, దాన్నే లేతు మీద సన్నగా చెక్కించి, పళ్లు కోయించి, హైదరాబాద్ బాలానగర్‌లో కాల్చి గట్టిపరచి తెచ్చారు.

ఉస్తాద్ పని నేర్చుకున్నది రెండో ప్రపంచ యుద్ధపు లారీల మీద. యుద్ధం ముగిశాక కెనడా ఫోర్డులు, షెవర్లేలు మన దేశంలో కుప్పలుగా అమ్ముడుపోయాయి. పెట్రోలు తాగే వాటి ఇంజన్లు తీసేసి, మద్రాసు సింప్సన్ కంపెనీ చేసిన పర్కిన్స్ డీజిల్ ఇంజన్లు ఎక్కించడం అప్పటి మెకానిక్కుల బతుకుతెరువు. ఆయన గురువు ఇంకా ముందుతరం. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే నడిపిన ఆల్బియన్ బస్సుల మీద చేయి తిప్పినవాడు. అంటే నా చేతికి వచ్చిన ఆ బేరింగు లెక్క వెనక రెండు తరాల పని ఉంది. ఏ తరమూ దాన్ని కాగితం మీద పెట్టలేదు.

శక్తిమాన్ తయారీ 1996లో ఆగింది. దాని చోటులోకి స్టాలియన్ వచ్చింది. కమలాపురం ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. 2016లో మా మూడు ఊళ్లూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. మా లారీ కూడా చివరికి ముక్కలుగా విడిపోయి, తన జాతి లారీలు మరికొన్నింటిని కొంతకాలం నడిపించింది. ఇప్పుడు ఏ సామానైనా ఫోన్‌లో వెతికితే ఇంటికే వస్తుంది. ఆ సౌకర్యం మంచిదే, మా బాపు తరం పడ్డ తిప్పలు ఎవరికీ వద్దు. కానీ తయారీ ఆగిపోయిన యంత్రాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, ఉంటాయి. ఆస్పత్రి జనరేటరు కావచ్చు, రైతు మోటారు కావచ్చు. వాటిని పాత ఇనుము కింద అమ్మాలా, ఇంకో పదేళ్లు నడపాలా అన్నది కొలవడం తెలిసిన ఒక మనిషి ఉన్నాడా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

మన ఐటీఐలలో పిల్లలకు కొత్త ముక్కలు ఇచ్చి కొలవమంటారు. నంబరు చెరిగిన, ఒక పక్క అరిగిన ముక్కను ఇచ్చి, ఇది పుట్టినప్పుడు ఎట్లా ఉండేదో గీయమని అడగాలి. ఎక్కడ కొలిచావు, అక్కడే ఎందుకు కొలిచావు అని నిలదీయాలి. ఆ పరీక్ష పెట్టగల ఉస్తాదులు జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో ఇంకా ఉన్నారు. చాలామందికి సర్టిఫికెట్టు లేదు. దాన్ని అడగకుండా, వాళ్ల చేతులు పని చేస్తుండగానే, గౌరవంగా జీతమిచ్చి పిల్లల ముందు నిలబెట్టాలి.