వేలి మందం ఫోకస్: వెట్జ్‌లార్‌లో చూసింది, నేర్చుకున్నది

ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉత్తరాన, లాన్ నది ఒడ్డున ఉంది వెట్జ్‌లార్. చిన్న ఊరు. కర్ర దూలాలు గోడల్లోంచి బయటికి కనబడే పాత ఇళ్లు, ఎత్తుపల్లాల రాతి వీధులు. ఫొటోగ్రఫీ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు మాత్రం ఇది లైకా ఊరు. ఇక్కడి లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్, సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరా నమూనాను 1914 నాటికే తయారుచేశాడు. దాన్నుంచి పుట్టిన తొలి లైకా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ఆ తర్వాత కంపెనీ కొన్నేళ్లు పొరుగున ఉన్న జోల్మ్స్‌కు తరలిపోయి, 2014లో ఊరి అంచున కట్టిన లైట్జ్ పార్క్‌కు తిరిగి వచ్చింది.

ఒక ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ అక్కడికి వెళ్లాను. ఎఫ్ 1.4, ఎఫ్ 0.95 లాంటి పెద్ద అపర్చర్ లెన్సు తగిలించి, లైకా లాంటి రేంజ్‌ఫైండర్ కెమెరాతో మనిషి ముఖాన్ని దగ్గరగా తీస్తే ఫోకస్ కంటి మీద నిలవదని, చెవి మీదికో ముక్కు మీదికో పోతుందని చాలామంది ఫిర్యాదు. దగ్గరి పనికి ఈ కెమెరా పనికిరాదని కొందరి తీర్పు. లోపం నిజంగా యంత్రానిదేనా? నాతో మా బాబాయి వచ్చాడు. తెనాలిలో చాలాకాలం స్టూడియో నడిపిన మనిషి, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన సంచిలో లైకా వాళ్ల 50 మి.మీ. ఎఫ్ 1.4 లెన్సు, సమ్మిలక్స్ ఉంది. నా మెడలో స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకున్న లైకా ఎం10.

లైట్జ్ పార్క్‌లో తయారీ పనిని అద్దాల గోడల వెనక నుంచి చూడనిస్తారు. ఒకచోట లెన్సు అద్దాల అంచులకు కుంచెతో నల్లరంగు వేస్తున్నారు. అద్దం నెమ్మదిగా తిరుగుతుంటే కుంచె కొన అంచు మీద మాత్రమే ఆనుతుంది. ఆ నలుపు లేకపోతే అంచున తగిలిన వెలుతురు లోపల చెదిరి బొమ్మ పలచబడిపోతుంది. పెద్ద అపర్చర్ లెన్సుకు పెద్ద అద్దాలు కావాలి, వాటి మధ్య ఏ చిన్న తేడా ఉన్నా బొమ్మలో బయటపడుతుంది. 1966లో వచ్చిన లైకా లెన్సు, మొదటి నాక్టిలక్స్, ఎఫ్ 1.2ది. అందులోని రెండు ఆస్ఫెరికల్ (గోళాకారం కాని) ఉపరితలాలనూ చేత్తో అరగదీసి తీర్చాల్సి వచ్చింది. 1970ల్లో కెనడాలోని లైట్జ్ శాఖలో వాల్టర్ మాండ్లర్ అలాంటి ఉపరితలాలు లేకుండానే ఎఫ్ 1.0 సాధించాడు. 2008లో ఎఫ్ 0.95 వచ్చింది. ఈ మూడూ మీటరు కన్నా దగ్గరికి ఫోకస్ కావు.

కెమెరా వైపు కథ దీనికి సమాంతరంగా నడిచింది. 1925 నాటి లైకాలో రేంజ్‌ఫైండర్ లేదు, దూరాన్ని అంచనా వేసుకుని రింగు తిప్పుకోవాల్సిందే. 1932లో లైకా 2తో లెన్సుకూ రేంజ్‌ఫైండర్‌కూ లంకె కుదిరింది. 1954లో ఎం3 వచ్చి వ్యూఫైండర్‌నూ రేంజ్‌ఫైండర్‌నూ ఒకే కిటికీలో చూపించింది. ఎం10 దాకా ఏర్పాటు మూలంలో అదే. కెమెరా ముందు రెండు కిటికీలు, వాటి మధ్య దాదాపు 69 మి.మీ. ఎడం. లెన్సు రింగు తిప్పితే దాని వెనక భాగం కెమెరా లోపలి చిన్న చక్రాన్ని నెడుతుంది. ఆ కదలికకు రెండో కిటికీ బొమ్మ పక్కకు జరుగుతుంది. వ్యూఫైండర్ నడిమి చదరంలో రెండు బొమ్మలూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు.

కాఫీ బల్ల దగ్గర కూర్చుని బాబాయి కాగితం తీశాడు. "ముందు లెక్క చూడు, తర్వాత కెమెరాను తిడుదువుగాని" అన్నాడు.

50 మి.మీ. లెన్సును ఎఫ్ 1.4 దగ్గర పెట్టి 70 సెం.మీ. దూరాన ఫోకస్ చేస్తే, స్పష్టంగా కనబడే లోతు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు. వేలి మందం. అదే లెన్సుకు రెండు మీటర్ల దగ్గర 13 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. ఎఫ్ 0.95 నాక్టిలక్స్‌కు మీటరు దూరాన రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అంటే అంత పేరున్న లెన్సు కన్నా, ఇంకాస్త దగ్గరికి వెళ్లగలిగే ఎఫ్ 1.4 లెన్సే ఎక్కువ కఠినమైన పరీక్ష పెడుతుంది.

రేంజ్‌ఫైండర్ ఎంత కచ్చితంగా కొలుస్తుంది? కిటికీల ఎడాన్ని వ్యూఫైండర్ బొమ్మను చూపే నిష్పత్తితో, అంటే 0.73తో గుణిస్తే ఎం10కి 50 మి.మీ. పైచిలుకు వస్తుంది, కొలతకు నిజంగా పనికొచ్చే ఎడం అదే. రెండు బొమ్మలు కలిశాయో లేదో చూడటంలో మన కన్ను డిగ్రీలో 60వ వంతు పొరపడిందనుకుందాం. రెండు మీటర్ల దగ్గర ఆ పొరపాటు 23 మి.మీ. అవుతుంది. 70 సెం.మీ. దగ్గర 3 మి.మీ. కూడా ఉండదు. దగ్గరికి వచ్చేకొద్దీ స్పష్టత లోతు ఎంత వేగంగా తగ్గుతుందో, రేంజ్‌ఫైండర్ పొరపాటూ అంతే వేగంగా తగ్గుతుంది. ఈ సంగతి కాగితం మీద చూశాక నా ప్రశ్న స్వరూపమే మారింది. దగ్గర్లో యంత్రం బలహీనపడటం లేదు. దూరంతో పాటు తగ్గనిది వేరే ఉంది: మన ఒంటి ఊగు. నిలబడ్డ మనిషి ముందుకూ వెనక్కూ ఓ సెంటీమీటరు ఊగడం మామూలే. రెండు మీటర్ల దగ్గర దాన్ని ఎవరూ పట్టించుకోరు. 70 సెంటీమీటర్ల దగ్గర కన్ను ఫోకస్ దాటిపోవడానికి అది చాలు.

రెండో శత్రువు, ఫోకస్ చేశాక కెమెరాను తిప్పడం. కొలిచే చదరం మధ్యలోనే ఉంటుంది కదా. నిలువు ఫ్రేములో కన్ను మధ్యకూ పైఅంచుకూ సగం దూరంలో రావాలంటే కెమెరాను పదికి కాస్త తక్కువ డిగ్రీలు వంచాలి. అంతటితో ఫోకస్ తలం కంటి వెనక్కి దాదాపు సెంటీమీటరు జరిగిపోతుంది.

మధ్యాహ్నం పాత ఊళ్లోకి నడిచాం. బర్నాక్ తన తొలి నమూనాతో ఫొటో తీసిన ఐజెన్‌మార్క్ట్ కూడలిలో, నీడపట్టున బాబాయి నిలబడ్డాడు, నేను కెమెరా ఎత్తాను. "రింగును ముందే 70 దగ్గర పెట్టేయ్. ఇక దాని జోలికి పోకు. నువ్వే ముందుకు రా" అన్నాడు. ఒక కాలు ముందుకేసి, మోచేతులు డొక్కలకు ఆనించి, ఒంటిని మెల్లగా ముందుకు వంచుతుంటే ఆయన కళ్లజోడు ఫ్రేము చదరంలో రెండుగా కనబడి, దగ్గరై, ఒకటైంది. రెండు గీతలు కలిసే క్షణానికి కొంచెం ముందే వేలు నొక్కడం మొదలుపెట్టాలి. కలిశాయని తెలిసి నొక్కేసరికి ఒళ్లు దాటిపోయి ఉంటుంది. "గాలి వదిలేశాక నొక్కు. కన్ను పైకి కావాలంటే కెమెరాను వంచకు, మోకాళ్లు వంచి నువ్వే కిందికి దిగు" అన్నాడు. తిప్పక తప్పకపోతే తిప్పాక ఒక్క సెంటీమీటరు వెనక్కి వాలమన్నాడు. తెర మీద పెద్దది చేసి చూస్తే కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనబడ్డాయి.

యంత్రానికి అసలు దోషాలే లేవని చెప్పడం న్యాయం కాదు. చక్రం అమరిక చెదిరితే చదరం అబద్ధం చెబుతుంది. దాన్ని సరిచేయించుకోవచ్చు. కొన్ని లెన్సుల్లో అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్ తలం వెనక్కి జరుగుతుంది. జైస్ సీ సోనార్ 50 మి.మీ. ఎఫ్ 1.5 ఈ గుణానికి పేరుమోసింది. లైకా 35 మి.మీ. సమ్మిలక్స్‌లో ఆ ఇబ్బందిని 2010లో లోపలి అద్దాల అమరిక మార్చి తగ్గించారు. ఇక రేంజ్‌ఫైండర్ ఆగిపోయే 70 సెంటీమీటర్ల హద్దు సంగతి. 1956 నాటి డ్యూయల్ రేంజ్ సమ్మిక్రాన్ లెన్సు, వ్యూఫైండర్ ముందు తగిలించే అద్దాల జోడుతో 47.8 సెంటీమీటర్ల దాకా వెళ్లింది. 2023లో వచ్చిన 50 మి.మీ. సమ్మిలక్స్ 45 సెంటీమీటర్ల దాకా వెళుతుంది, అయితే 70 కన్నా దగ్గరికి వెళితే రేంజ్‌ఫైండర్‌తో లంకె ఉండదు, తెర మీద చూసుకోవాలి. నాకు ఈ ఏర్పాటు సబబుగానే అనిపిస్తుంది.

పెద్ద అపర్చర్ లెన్సు కొనుక్కుని, దగ్గరి ఫొటోలు కుదరక దాన్ని అమ్మేద్దామనుకునే వాళ్లకు నేను చెప్పేది ఇది. కెమెరాను ముందు స్టాండు మీద పెట్టి, ఏటవాలుగా పరిచిన స్కేలు మీద ఫోకస్ చేసి చూడండి. తప్పు వస్తే బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. సరిగ్గా వస్తే ఆ లెన్సును అమ్మకండి. స్టాండు మీద కుదిరింది చేతిలో కుదరకపోతే సాధన చేయాల్సింది నిలబడటం, ఊపిరి, మోకాళ్లు. ఇవి డబ్బు పెట్టి కొనేవి కావు, ఎవరైనా నేర్చుకోగలిగినవి.