గుంజ గట్టిగా ఉందా?

ఈ నెల మీతో ఒక చిన్న బండి సంగతి చెప్పాలనుకుంటున్నాను. బండి సంగతి అంటున్నాను గాని, చివరికి అది నా సంగతే. పద్నాలుగేళ్ళు నేను ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఇందులో ఉంది.

నా భార్య తమ్ముడు ఇంగ్లండు దేశంలో బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటున్నాడు. అక్కడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. 2023 వేసవిలో వాళ్ళు టిక్కెట్లు పంపి పిలిస్తే, నేనూ నా భార్యా వెళ్ళి నెల రోజులు ఉండి వచ్చాము. వాళ్ళ అబ్బాయికి ఇరవై నాలుగేళ్ళు. నన్ను "మామయ్యా" అంటూ వెంట తిరిగేవాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డులో అతని ప్రాణమంతా ఉంది. అది 1965 నాటి మినీ పికప్.

మినీ కారు 1959 ఆగస్టులో బయటికొచ్చింది. దాన్ని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్. పెట్రోలు కరువు రోజుల్లో, తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో నడిచే బండిగా చేశారు. 1961 నుండి 1983 వరకు వెనుక తొట్టి ఉన్న పికప్‌గా కూడా తయారైంది. పొడవు 11 అడుగుల లోపే. మన ఊళ్ళలో తిరిగే టాటా ఏస్ దాని పక్కన పెద్దన్నలా ఉంటుంది. చక్రాలు 10 అంగుళాలవి. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనుక తొట్టి, అంతే.

"మామయ్యా, దీనికి సీట్లు, బెల్టులు వేస్తున్నాను. మీరు కాస్త అటు పట్టుకుంటే చాలు" అన్నాడు. అలా రెండు వారాలు నేను అతనికి హెల్పరునయ్యాను.

పాత సీటు చూశాను. పల్చటి ఇనుప చట్రం, దాని మీద రెక్సిన్ కుట్టు. వీపు సగం వరకే వస్తుంది, తలకు ఆనిక లేదు. బెల్టు అసలే లేదు. "ఇలా తిరిగితే ఇక్కడి పోలీసులు పట్టుకోరా?" అని అడిగాను.

"పట్టుకోరు మామయ్యా. ఇలాంటి చిన్న సరుకు బండ్లకు ఇక్కడ బెల్టు నియమం 1967 ఏప్రిల్ తరువాత రోడ్డెక్కినవాటికే. ఇది అంతకు ముందుది."

"మరి ఎందుకింత ఖర్చు?"

అతను నవ్వి, "బండి పాతదని గోడ మెత్తగా తగలదు గదా" అన్నాడు.

ఆ సాయంత్రం కాగితం మీద లెక్కవేసి చూపించాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి గోడను కొట్టుకోవడం, దాదాపు 10 మీటర్ల ఎత్తునుండి కింద పడడం ఒకటేనట. అంటే మూడంతస్తుల మేడ. మన రోడ్ల మీద 50 అంటే మనకు వేగమనే అనిపించదు. మేడ అంచున నిలబడ్డామని మనకు తెలియదు.

ముందు సీట్లు పెట్టాము. అవి పందెపు కార్లలో వాడే రకం. రెండు పక్కలా ఎత్తుగా ఉండి నడుమునూ పక్కటెముకలనూ పట్టి ఉంచుతాయి. మొదట తెచ్చిన జత పనికిరాలేదు. ఈ బండిలో సీటు వెనకాలే ఇనుప గోడ ఉంది. సీటు వెనక్కి జరగదు, వాలదు. పైగా ఆ జత వెడల్పు ఎక్కువై తలుపుకు తగిలింది. వాటిని తిరిగి పంపి, ఈసారి అట్టముక్కలతో సీటు ఆకారం కత్తిరించి, బండిలో నిలబెట్టి, తాను కూర్చుని చూసి, అప్పుడు కొన్నాడు. మోకాలు స్టీరింగుకు తగలకూడదు, తల పైకప్పుకు తగలకూడదు, కాలు బ్రేకు మీద పూర్తిగా ఆనాలి. పాత సీటు ముందువైపు మడతబందుల మీద ఆని ముందుకు వంగేది. కొత్తదాన్ని నేలకు అడ్డంగా ఉన్న గట్టి దూలానికీ, వెనుక నేలకూ చట్రం వేసి బిగించాడు. సీటు కదిలితే బెల్టు వదులైపోతుందట. రెండూ కలిసే ఒక పని చేస్తాయి.

తరువాత బెల్టులు. ఇవి మన కార్లలో ఉండేలాంటివి కావు. రెండు పట్టీలు భుజాల మీదుగా, రెండు నడుము పక్కలనుండి వచ్చి పొట్టకింద ఒకే బిళ్ళలో కలుస్తాయి. అక్కడే అతను ఒక పొరపాటు చేయబోయాడు. భుజం పట్టీల కొసలను సీటు వెనుక నేలకు బిగిద్దామని రంధ్రాల కోసం గుర్తులు పెట్టుకున్నాడు. ఆ వీధిలోనే ఉండే వయసుమళ్ళిన మెకానిక్ ఒకాయన చూసి తల అడ్డంగా ఊపాడు. పట్టీ భుజం మీదనుండి నిట్టనిలువుగా కిందికి దిగితే, దెబ్బ తగిలినప్పుడు అది మనిషిని వెనక్కి పట్టుకోదు, కిందికి నొక్కుతుంది. వెన్నెముక నలిగిపోతుంది. భుజంనుండి వెనక్కి దాదాపు సమంగా, కొద్దిగానే వాలుగా వెళ్ళాలి. వాలు 45 డిగ్రీలు ఎన్నడూ మించకూడదు.

అందుకని సీట్ల వెనుక, భుజాల ఎత్తుకు కాస్త దిగువగా అడ్డంగా ఒక లావైన ఉక్కు గొట్టం వేశారు. దాని రెండు కొసలనూ బండి ఒంటికి గట్టి పలకలతో కలిపారు. నేలలో బోల్టు వేసిన ప్రతిచోటా రేకు కింద మందమైన ఉక్కు బిళ్ళ పెట్టారు. "ఎందుకు?" అంటే, మెకానిక్ తన చొక్కా గుండీ పట్టుకుని లాగి చూపించాడు. గుండీ తెగదు, గుడ్డ చిరుగుతుంది. అలాగే 7/16 అంగుళాల బోల్టు విరగదు, పల్చటి రేకే చిరిగి బోల్టు ఊడి వస్తుంది.

నాకు మా నాన్నగారి పశువుల కొట్టం గుర్తుకొచ్చింది. పలుపు ఎంత గట్టిదైనా గుంజ కదిలితే ఎద్దు నిలవదు. మా నాన్నగారు ప్రతి రాత్రీ పలుపును కాదు, గుంజను ఊపి చూసి పడుకునేవారు.

అంతా అయ్యాక మేనల్లుడు నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ముందు నడుము పట్టీ బిగించాలి. అది పొట్టమీద కాదు, కిందుగా తుంటి ఎముకల మీద ఆనాలి. పట్టీలో మెలిక ఉండకూడదు. ఆ తరువాతే భుజం పట్టీలు. బిగించి, "ఇప్పుడు ముందుకు వంగండి మామయ్యా" అన్నాడు. అంగుళం కదలలేకపోయాను. బండి మధ్యలో ఉన్న స్విచ్చులు కూడా అందవు. అందుకే డ్రైవరు చేతికందేలా వాటిని ముందే జరిపి పెట్టాడు. బిళ్ళ మీద మీట తిప్పితే నాలుగు పట్టీలూ ఒక్కసారే విడిపోతాయి. కళ్ళు మూసుకుని నాలుగైదుసార్లు విప్పించాడు.

ఐదోసారి నా కళ్ళు నీళ్ళతో నిండాయి. "బిగువైందా?" అని కంగారుపడ్డాడు. అవునన్నాను. అది అబద్ధం.

ఆ ఆదివారం అందరం మందిరానికి బయలుదేరుతుంటే, వాళ్ళ బంధువుల అబ్బాయి సరదాగా తొట్టిలో ఎక్కి కూర్చున్నాడు. మేనల్లుడు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "ఇందులో ఇద్దరికే చోటు. మూడోవాళ్ళు బస్సులో రావాలి" అన్నాడు. ఎంత బతిమాలినా బండి కదల్లేదు. ఆ పిల్లవాడు దిగి బస్సెక్కాడు. ఇరవై నాలుగేళ్ళవాడికి ఉన్న తెలివి నాకు ముప్పై ఏళ్ళ వయసులో లేదు.

ఇక నా సంగతి. 2009లో నేను సేవకు కొత్త. ఒక రాత్రి పక్క ఊళ్ళో కూటములు ముగించుకుని మా సంఘస్థుల పికప్‌లో తిరిగి వస్తున్నాము. నడిపేవాడు మా సంఘములో డోలక్ వాయించే అబ్బాయి, ఇరవై రెండేళ్ళవాడు, తల్లికి ఒక్కగానొక్క కొడుకు. బండి ఎక్కగానే వాడు సీటు కవరు వెనుక దోపిన బెల్టు కోసం చెయ్యి పెట్టాడు. నేను నవ్వుతూ, "ప్రార్థన చేసుకుని బయలుదేరాము గదా, ఇంకా ఆ తాళ్ళెందుకు?" అన్నాను. వాడూ నవ్వి చెయ్యి తీసేశాడు. అరగంట తరువాత, లైట్లు లేకుండా రోడ్డు మీద ఆగి ఉన్న చెరకు ట్రాక్టరును కొట్టుకున్నాము. నాకు చెయ్యి విరిగింది. వాడి ఛాతీ స్టీరింగుకు తగిలింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రభువునందు నిద్రించాడు. సమాధి కార్యక్రమంలో వాక్యం చెప్పింది నేనే. ఆ రాత్రి నేనన్న మాట మాత్రం చెప్పలేదు.

నాది విశ్వాసమనుకున్నాను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలనీ, ఎవరైనా పడితే ఆ ఇంటిమీద రక్తాపరాధం ఉంటుందనీ ఉంది. థియాలజీ డిప్లొమా చదువుకునేటప్పుడు ఆ వచనం మీద పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాను. ప్రార్థన చేసినవాడు పిట్టగోడ మానెయ్యవచ్చని అక్కడ లేదు. మినీ కారు వచ్చిన ఆ 1959లోనే స్వీడన్‌లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేసిన మూడు కొసల బెల్టును ఆ కంపెనీ కార్లకు వేయడం మొదలైంది. మిగతా కంపెనీలు కూడా వాడుకునేలా ఆ పేటెంటును అందరికీ తెరిచి ఉంచారు. ఆ మేలే యాభై ఏళ్ళ తరువాత మా పికప్‌లో సీటు కవరు వెనుక దోపి ఉంది. తీసి పెట్టుకోబోయినవాణ్ణి నేనే ఆపాను.

ఇండియాకు వచ్చిన మూడో రోజు ఆ తల్లి ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తాగకుండానే చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది: "ఆ మాట నాకు తెలుసు అయ్యగారూ. ఆసుపత్రిలో వాడే చెప్పాడు. అయ్యగారితో అనొద్దమ్మా, ఆయన తట్టుకోలేరు అన్నాడు. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను."

నేను తలెత్తలేకపోయాను.

"ఇప్పుడు చెప్పారు గదా. మిగతా పిల్లలకు కూడా చెప్పండి" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. మా సంఘపు బండిలో సీటు కవర్లు విప్పించి బెల్టులు బయటికి తీయించాము. ఒకదాని బోల్టు తుప్పు పట్టి ఉంటే మార్పించాము. తొట్టిలో మనుషులను ఎక్కించడం మానేశాము. సరుకు బండి సరుకుకే. దీనివల్ల బస్సు ఛార్జీలు లేవని కూటములకు రానివాళ్ళున్నారు, నామీద కోపగించుకున్నవాళ్ళూ ఉన్నారు. కోపగించుకోనివ్వండి. వాళ్ళు బతికి ఉన్నారు.

మీ ఇంట్లో బండి ఉంటే ఈ వారమే చూడండి. బెల్టు పీచులు లేచిందా? కొక్కెం గట్టిగా పడుతోందా? కింద బోల్టు కదులుతోందా? ఒకసారి ప్రమాదంలో బరువు మోసిన బెల్టును మళ్ళీ వాడకండి, పాత సామాను కొట్లో దొరికే బెల్టు కొనకండి. మన దేశంలో 2019 సవరణ చట్టం ప్రకారం బెల్టు లేకపోతే 1,000 రూపాయల జరిమానా. కాని జరిమానాకు భయపడి పెట్టుకునేవాడు పోలీసు దాటగానే తీసేస్తాడు. పక్కవాణ్ణి ప్రేమించి పెట్టించండి.

ప్రార్థన చేసుకునే బయలుదేరండి. చేసుకున్నాక, గుంజ ఊపి చూసి మరీ బయలుదేరండి.