చచ్చిన మొక్కల పుస్తకం

మా పంచాయతీ రిజిస్టర్‌లో మొక్కలకు చావు లేదు. 2019లో రోడ్డు వెంట నాటినవి 400 అని ఒకచోట ఉంటుంది. ఆ తర్వాత ఏ పేజీ తిప్పినా బతికున్నవి 340కి తగ్గవు. 340 అంటే నూటికి 85. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం నాటిన మొక్కల్లో నూటికి 85 బతికి తీరాలి. బతకకపోతే సర్పంచ్ పదవికీ, కార్యదర్శి ఉద్యోగానికీ ఎసరు. అందుకని అవి బతికాయి, కాగితం మీద.

ఆ కార్యదర్శిని నేనే. 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు 2018లో పరీక్ష పెట్టారు. 2019 ఏప్రిల్‌లో చేరాను, నెలకు 15 వేల జీతం మీద. నాకు దక్కింది నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక తండా. 2018 ఆగస్టులో పక్క ఊరి నుంచి విడిపడి కొత్తగా పంచాయతీ అయింది. ఆఫీసంటే బడిలో ఒక గది, తాళంచెవి లేని ఒక బీరువా.

డిగ్రీలో నేను చదివింది కామర్స్. నాకు అప్పజెప్పిన మొదటి పని నర్సరీ. ఎర్రమట్టి, పశువుల పెంట, ఇసుక కలిపి కవర్లు నింపాలి, గింజ పెట్టాలి, పైన గ్రీన్ నెట్ కట్టాలి. వేపగింజ రాలిన రెండు మూడు వారాల్లో పెట్టకపోతే మొలవదని, రేల గింజను వేణ్నీళ్లలో వెయ్యకపోతే దాని పెంకు విచ్చదని, చింతగింజను రాత్రి నానబెడితే చాలని నర్సరీలో నీళ్లు పెట్టే అమ్మ చెప్పింది. ఆమెకు సంతకం రాదు. ఆమె చెప్పినవి నేను నోట్ చేసుకుంటుంటే నవ్వేది: “గివి గూడ రాస్కుంటరా మేడం?”

జులైలో నాటడం పండగలా సాగుతుంది. ఒకటిన్నర అడుగు గుంత, చుట్టూ జనం, ఫోటో. 2015లో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలనుకుంది. ఆ 33 శాతంలో మా తండా వాటా ఏటా జాబితాగా వచ్చేది. మొదట్లో కోనోకార్పస్ బాగా పెట్టించారు. కొమ్మ గుచ్చితే చాలు, ఆరు నెలల్లో పచ్చగా గోడ కట్టేస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లు చల్లబడతాయి. కొన్నాళ్లకు పుప్పొడి మంచిది కాదన్న అభ్యంతరాలొచ్చి, ఇక అది పెట్టొద్దన్నారు. పెట్టమన్న కాగితం, వద్దన్న కాగితం రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి.

అసలు కథ మార్చి నుంచి. మా ట్యాంకర్‌లో నాలుగు వేల లీటర్లు పడతాయి. మొక్కకు బిందె చొప్పున పోసినా ఒక విడతకు మూడు వందలు తడుస్తాయి, వారానికి రెండు విడతలు. డీజిల్ బిల్లు, ట్రాక్టర్ అప్పు కిస్తీ రెండూ పంచాయతీ ఖాతాలోంచే. ఖాతాలో డబ్బు లేని నెలల్లో డ్రైవర్‌ను బతిమాలో, సొంత జేబు తడుముకునో బండి కదిలించాం. ఒక ఎండాకాలం బోరు సన్నగిల్లినప్పుడు ట్యాంకర్‌కి అడ్డంగా ఒక ముసలమ్మ నిలబడింది. “చెట్లకు బిందెడు పోస్తున్నవ్ బిడ్డా, మా ఇంట్ల బిందె సగమే నిండె. నేను గూడ గుంతల నిలవడాల్నా?” ఆ రోజు ట్యాంకర్ ఇళ్లకే వెళ్లింది. రోడ్డు మొక్కలు ఎండిపోయాయి.

మరి తనిఖీ? దానికో మాట ఉంది మాలో, గ్యాప్ ఫిల్లింగ్. చచ్చిన మొక్క పీకి, అదే గుంతలో నర్సరీ నుంచి కొత్తది తెచ్చి పెట్టడం. పని తప్పు కాదు, పెట్టాల్సిందే. కానీ రిజిస్టర్‌లో అది పాత మొక్కే. నాలుగేళ్ల చెట్టు అని రాసి ఉన్నచోట మోకాలెత్తు వేప ఉండేది. నేను చేశాను. పక్క పంచాయతీ కార్యదర్శి నర్సరీలో మొక్కలు చాలక మా దగ్గర అడిగి తీసుకెళ్లి చేశాడు. ఇద్దరం చెరొక టీ తాగి నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు అంత బాగా లేదు.

మేకల సంగతి వేరు. తీర్మానం చేసి, మేక మొక్క తింటే 500 రూపాయల జరిమానా అన్నాం. మొదటి జరిమానా ట్యాంకర్‌కి అడ్డం నిలబడిన ఆ ముసలమ్మకే పడింది, నాలుగు విడతల్లో కట్టింది. ఆ తర్వాత తండాలో ఏ మేకా ఏ మొక్కా తిన్నట్టు ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి మొక్క ఉండేది కాదు, అంతే.

2022లో పంచాయతీ ప్రణాళికలు తొమ్మిది అంశాల మీద రాయాలని శిక్షణ ఇచ్చారు. వాటిలో ఒకటి క్లీన్ అండ్ గ్రీన్ విలేజ్. వాతావరణ మార్పు అనే మాట నా ఉద్యోగంలో అధికారికంగా వినిపించింది అప్పుడే. తండాలో ఆ మాట ఎవరూ అనరు. మిర్గం వచ్చినా వాన రాలేదంటారు, రోహిణి ఎండ ఉగాదికే వచ్చిందంటారు. శిక్షణలో కేరళ వయనాడ్ జిల్లాలోని మీనంగాడి పంచాయతీ గురించి చెప్పారు. కార్బన్ లెక్క సరిసమానం చేసుకోవాలని 2016లో పూనుకున్న ఊరు. రైతు చెట్టు తనఖా పెడితే వడ్డీ లేని అప్పు ఇస్తారట, చెట్టు నరకకుండా ఉన్నన్నాళ్లూ. అందరూ ఆ అప్పు గురించి అడిగారు. నన్ను పట్టుకున్నది వేరే ముక్క: వాళ్లు మొదట ఊరు వదిలే పొగ లెక్క తీశారు. అంటే చెడ్డ లెక్క ముందు. మేం రాసిందంతా మంచి లెక్కే.

ఇంటికొచ్చి రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. అధికారిక రిజిస్టర్ జోలికి పోలేదు, అంత ధైర్యం లేదు. ఈ పుస్తకంలో చచ్చినవే రాస్తాను: ఎక్కడ, ఏ మొక్క, ఎందుకు పోయింది. గ్రామసభలో చెప్పాను, జరిమానా ఎత్తేద్దాం, చెప్పినవాళ్లను ఏమీ అనం అని. సర్పంచ్‌కి మొదట నచ్చలేదు. “మన చావు మనమే రాస్కునుడెందుకు మేడం?” అన్నాడు. సబబే. ఆ పుస్తకం ఎవరి చేతిలోనైనా పడితే ఇద్దరి మెడకూ చుట్టుకుంటుంది. నెల తర్వాత ఆయనే ఫోన్ చేసి మూడు మొక్కలు చెప్పాడు, తన చేను గట్టు మీదివి.

ఆ పుస్తకం నాకు నేర్పినంత ఏ శిక్షణా నేర్పలేదు. ఎండకు పోయినవి సగం కూడా లేవు. పత్తి చేల గట్లమీద పోయినవన్నీ రైతులు పీకినవే, నీడ పడితే పత్తి కాయదని. గడ్డిమందు గాలికి కొట్టుకొచ్చి మాడినవి ఓ వరస. పత్తికట్టె తగలబెట్టిన మంటకు కాలినవి ఇంకో వరస. కరెంటు తీగల కింద వరసగా నాటింది మేమే. ఏటా లైన్‌మన్ వచ్చి తల నరికేవాడు, ఆయన తప్పేముంది? మేకలు కానుగను ముట్టలేదు, ఒక్క ఎంట్రీ కూడా లేదు. ఊరికి దూరంగా గైరాన్ భూమిలో వేసిన ప్రకృతి వనంలో కంచె నాలుగుసార్లు కోశారు. ఎందుకని అడిగితే, గొర్లు మేసే జాగా అదొక్కటే కదా అన్నారు. ఆ స్థలం ఎంచినప్పుడు ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. మ్యాపులో అది ఖాళీ.

ఆ తర్వాత గట్ల మీద నాటడం మానేశాం. తీగల కింద మానేశాం. వనానికి ఒక పక్క దారి వదిలి, వానాకాలం మూడు నెలలే కంచె అన్నాం, గొర్లకాపరులు ఒప్పుకున్నారు. నాటే సంఖ్య తగ్గింది. జాబితాలో వచ్చిన సంఖ్యకు మిగిలినవి ఇళ్లకు జామ, ఉసిరి, మునగ పంచి లెక్క సరిచేశాం. అవి ఎన్ని బతికాయో నిజంగా తెలుసు, ఇంటావిడ కాయ చేతిలో పెట్టి పంపేది కాబట్టి.

ఒక్క పని మాత్రం పుస్తకం లేకున్నా చేసేవాళ్లం. 2023 జనవరి నుంచి ఉపాధి పనిలో రోజుకు రెండుసార్లు హాజరు ఫోటో తప్పనిసరి చేశారు. అంతకుముందు ఎండలు ముదిరితే కూలీలు తెల్లారకముందే గడ్డపార పట్టి, ఎండెక్కేసరికి ఇల్లు చేరేవాళ్లు. ఆ తర్వాత పని అయిపోయినా రెండో ఫోటో దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. మా జిల్లాలో మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. సిగ్నల్ దొరక్క, ఫోటో తీయాల్సిన మేట్ ఫోన్ పైకెత్తి తిరుగుతుంటే యాభై మంది ఒక్క తుమ్మచెట్టు కింద ఒకరిమీద ఒకరు కూర్చుని ఉండేవాళ్లు. ఒక రోజు అది చూసొచ్చాక కానుగ, మర్రి, రావి కుంటకట్ట చుట్టే పెట్టించాం, వచ్చే ఏళ్లలో పూడిక పని ఎక్కడ ఉంటుందో లెక్కేసి. కట్ట కింద తేమ ఉంటుంది, ట్యాంకర్ అక్కర్లేదు. ఆ కానుగలు ఇప్పుడు నా తల దాటాయి. ఇంకా నీడ అనేంత నీడ లేదు.

2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు తీరి ప్రత్యేకాధికారి వచ్చారు. మొక్కలు ఎన్ని బతికాయి అని అడిగారు. రిజిస్టర్ చూపించాను. నోట్‌బుక్ బీరువాలోనే ఉంది. తాళంచెవి చేయించాను లెండి.

మొన్న మధ్యాహ్నం ఆఫీసు గడపలో ఆ ముసలమ్మ చతికిలబడింది. “బిడ్డా, నీ పుస్తకం తియ్యి. బడి కాడి వేపచెట్టు పోయింది, రాస్కో.”

తీశాను. “ఎట్ల పోయిందమ్మా?”

“ఎట్లేంది, నా మేకనే తిన్నది.” కొంగు ముడి మీదికి పోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. “దండుగ లేదన్నవ్ గదా?”

లేదన్నాను. లేవబోయి మళ్లీ కూర్చుంది.

“ఈసారి కానుగ ఇయ్యి. దాన్ని నా మేక మూతి పెట్టదు.”