పత్తి చేల పాటగాళ్ళు

ఏవండీ, బాబ్ విల్స్ పేరు ఎప్పుడైనా విన్నారా? వినకపోతే కొంపలేం మునగవు లెండి. చీరాల గడియార స్తంభం దగ్గర నిలబడి అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు, ఎవరో ఒకాయన మాత్రం 'ఏ పార్టీ?' అంటాడు. అదే ఈలపాట రఘురామయ్య పేరెత్తి చూడండి. అరవై దాటినవాళ్ళు కుర్చీలో సర్దుకుని మరీ మొదలెడతారు. ఈ ఇద్దర్నీ ఒక పీట మీద కూర్చోబెట్టాలని నాకెప్పట్నించో సరదా.

విల్స్‌ది అమెరికాలో టెక్సస్. 1905లో పుట్టాడు. పత్తి పండించే కుటుంబం, తండ్రి ఫిడేలు వాయించేవాడు. పిల్లాడు పత్తి తీస్తుంటే పక్క సాళ్ళలో నల్లజాతి కూలీలు పాడుకునే పాటలు చెవిన పడేవి. మన చేలల్లో పత్తి తీతకీ మిరప కోతకీ వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. వంగిన నడుముకి పాటే మందు. పెద్దయ్యాక కొన్నాళ్ళు క్షౌరం చేశాడు. ఆనక ఒక పిండిమిల్లు వాళ్ళు తమ సరుకు అమ్ముకోడానికి నడిపే రేడియో కార్యక్రమంలో ఫిడేలు వాయించాడు. 1934లో టల్సా అనే ఊరు చేరాక దశ తిరిగింది. మధ్యాహ్నం అన్నాలవేళకి రేడియోలో పాట, రాత్రి కెయిన్స్ అనే హాల్లో జనం చిందులు. పల్లెటూరి ఫిడేలుకి జాజ్ వాళ్ళ బాకాలూ డ్రమ్ములూ కలిపి కొట్టాడు. దాన్నే వెస్టర్న్ స్వింగ్ అన్నారు. పాట మధ్యలో ఉన్నట్టుండి 'ఆ...హా!' అని కేకేసి, వాయించేవాణ్ణి పేరు పెట్టి పిలిచేవాడు. మనవాళ్ళు ముందు వరసలోంచి 'శభాష్' అంటారే, ఆ పని ఆయనే స్టేజీ మీంచి చేసేవాడన్నమాట.

ఇక మనాయన. 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం వెంకట సుబ్బయ్య. కుర్రతనంలో రఘురాముడి వేషం కట్టి మెప్పిస్తే, ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు రఘురామయ్య అని పిలిచారట, ఆ పేరే స్థిరపడింది. తర్వాత కృష్ణుడు. బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామగా, ఈయన కృష్ణుడిగా తులాభారం ఆడుతున్నారంటే బళ్ళు కట్టుకుని వెళ్ళేవారని మా పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను.

అసలు వేడుక ఈలపాట దగ్గరుంది. కిరీటం, నెమలి పింఛం, మెళ్ళో దండలు, అంత అలంకారంతో ఉన్న కృష్ణపరమాత్మ నోట్లో వేలు పెట్టుకుని ఈల వేస్తాడు! కుర్రాళ్ళు వీధిలో వేసే ఈల కాదండోయ్, పద్యానికి పద్యం, రాగంతో సహా. పక్కన హార్మోనిస్టు శ్రుతి పట్టుకుని వెంట వెళ్ళాలి. కృష్ణుడి చేతిలో పిల్లనగ్రోవి ఉండగా ఈల ఎందుకయ్యా అని ఏ పండితుడైనా అడిగితే అడిగుండొచ్చు. జనం మాత్రం 'వన్స్‌మోర్' అన్నారు.

ఆ వన్స్‌మోర్ మామూలుది కాదు. కాటిసీనులో చచ్చి పడుకున్నవాణ్ణయినా లేపి మళ్ళీ పాడించగలదు. పాటగాడు పైకొచ్చింది ఆ కేకల మీదే. ఏ ఊళ్ళో ఎన్ని వన్స్‌మోర్లు పడ్డాయో పక్క ఊరికి తెల్లారేసరికి తెలిసిపోయేది, ఆ లెక్కన రేటు పెరిగేది. 1933లోనే 'పృథ్వీపుత్ర'తో సినిమాల్లోకి వెళ్ళాడు, తర్వాతా చాలా చిత్రాల్లో కనిపించాడు. అయినా నన్నడిగితే సినిమా ఆయనకి ఇరుకు చొక్కా. స్టేజీ మీద పద్యం ఆఖరి అక్షరం జనం చాలనేదాకా సాగుతుంది. కెమెరా ముందు కత్తెర పెట్టుకుని ఇంకొకడు కూర్చుంటాడు.

ఇక్కడో తిరకాసుంది. అక్కడ విల్స్‌ని నెత్తికెత్తుకుంది రేడియో. ఇక్కడ పద్యనాటకానికి ప్రాణమైన హార్మోనియాన్ని 1940లో ఆకాశవాణి గుమ్మం బయట నిలబెట్టింది. పరాయి దేశపు వాద్యం, గమకాలు పలకవు అని వాళ్ళ అభ్యంతరం. 1971 దాకా ఆ కట్టడి సడలలేదు. తిరనాళ్ళలో మాత్రం పెట్టె మోగుతూనే ఉంది. అలాగని అమెరికా వాళ్ళు తక్కువ తిన్నారా? గ్రాండ్ ఓల్ ఓప్రీ అని వాళ్ళకో పెద్ద వేదిక ఉంది, దాని మీద డ్రమ్ములు పనికిరావని అప్పట్లో కట్టుబాటు ఉండేది. 1944 చివర్లో విల్స్‌ని పిలిస్తే, డ్రమ్ములు లేకుండా వాయించనని పట్టుబట్టాడు. పల్లెపాటకి మడి కట్టేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉంటారు.

మనాయనకి 1973లో సంగీత నాటక అకాడమీ అవార్డూ, 1975లో పద్మశ్రీ వచ్చాయి. ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశారు. అదే ఏడాది మేలో అక్కడ విల్స్ పోయాడు. ఒకరి పేరొకరు వినుంటారని నేననుకోను.

ఇంకో పోలికా ఉంది. విల్స్ బ్యాండులో పేరు ఆయనదే గానీ చాలా పాటలు పాడింది టామీ డంకన్. మన కాంట్రాక్టు నాటకాల్లోనూ ఒక్క కృష్ణుడితో పనవదు. కురుక్షేత్రమంటే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకడు. ఎవరి రేటు వాళ్ళది, ఎవరి అభిమానులు వాళ్ళవి. మొదటాయన దిగి రెండో ఆయన ఎక్కేసరికి కృష్ణుడు ఒక్కోసారి పొడుగవుతాడు, ఒక్కోసారి లావవుతాడు. అర్జునుడు మాత్రం ఏమీ ఎరగనట్టు దణ్ణం పెడతాడు.

అన్నట్టు, ఈసారి మీ ఊరి తిరనాళ్ళకి ఎవర్ని మాట్లాడారు? పడక సీను వరకే అయితే చూసుకుని వచ్చేస్తాను. రాయబారానికి గట్టి గొంతున్నాయన వస్తున్నాడంటే చెప్పండి, దుప్పటీ ఫ్లాస్కూ సర్దుకుంటాను.