అడక్కుండా నిండే కార్డు

ఫ్రీమాంట్‌లో ఉన్న రెండేళ్ళూ నా జేబులో ఒక నీలం కార్డు ఉండేది. దాని పేరు క్లిప్పర్. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బార్ట్ రైలెక్కినా, ఊళ్ళో బస్సెక్కినా ఆ ఒక్క కార్డే తాకించేవాణ్ణి. వెళ్ళిన మొదటివారంలోనే మా ఆఫీసులో ఒక తెలుగాయన ‘ఆటోలోడ్ పెట్టేసుకో, మళ్ళీ దాని ఊసే ఉండదు’ అన్నాడు. పెట్టుకున్నాను. కార్డులో నిల్వ పది డాలర్లకంటే తగ్గగానే నేను ముందే చెప్పిన మొత్తం బ్యాంకునుంచి వచ్చి చేరేది. ఆయన చెప్పినట్టే దాని ఊసు మర్చిపోయాను. ఫ్రీమాంట్‌నుంచి ఎంబార్కడెరోకి రైలు ఛార్జీ ఎంతో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

కర్నూలునుంచి నంద్యాలకి పల్లెవెలుగులో ఎంత, ఎక్స్‌ప్రెస్‌లో ఎంత, ఛార్జీలు పెంచకముందు ఎంతుండేది అని మా అమ్మనడగండి. ఠక్కున చెప్తుంది. 2025 ఆగస్టు 15నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆవిడకి ఆ బస్సుల్లో టికెట్టే లేదు. కండక్టరు సున్నా టికెట్టు కొట్టిస్తాడు. అయినా ధర మర్చిపోలేదు. ఛార్జీ ఎంతో మర్చిపోయి బతకగలిగే వెసులుబాటు ఎవరికి ఉంటుంది అన్న ప్రశ్న నన్ను ఈమధ్య బాగా పట్టుకుంది. దానికి కారణం మా చిన్నాయన. ఆయన సంగతికి వస్తాను.

సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా చూస్తే ఈ ఆటోలోడ్‌లో మూడు లైన్ల కోడుకి మించి ఏమీ లేదు. నిల్వ ఎంత? అది ఫలానా గీతకంటే తగ్గిందా? తగ్గితే ఫలానా మొత్తం తెచ్చి పొయ్యి. హాంకాంగ్‌లో ఆక్టోపస్ కార్డు 1997 సెప్టెంబరులో వచ్చింది. అక్కడ ఈ పొయ్యడం గేటు దగ్గరే జరిగిపోతుంది. కార్డు తాకించిన క్షణంలో యంత్రం నిల్వ చాలదని కనిపెట్టి, ఒప్పుకున్న మొత్తాన్ని కార్డులో రాసేసి, గేటు తెరిచేస్తుంది. బ్యాంకునుంచి అసలు డబ్బు తరవాత తీరుబడిగా వస్తుంది. లండన్ ఆయిస్టర్ కార్డులోనూ ఇలాంటి సదుపాయమే ఉంది. ముచ్చటైన ఏర్పాటు. నిజంగానే ముచ్చటైనది, ఎగతాళికి అనడం లేదు. ఉదయం ఎనిమిదింటికి వెనక వందమంది తోసుకొస్తుంటే గేటు ముందు నిలబడి రీచార్జి చేసుకోవడం ఎలా ఉంటుందో హైదరాబాద్ మెట్రో ఎక్కేవాళ్ళకి తెలుసు.

అయితే ఆ మూడు లైన్ల వెనక రాయని నాలుగో లైను ఒకటుంది. అవతల ఖాతాలో డబ్బు ఎప్పుడూ ఉంటుంది అన్నది ఆ లైను. నెల మొదటి తారీఖున జీతం పడేవాడికి ఆ లైను కనిపించదు కూడా.

మా కర్నూల్లో మెట్రో లేదు, కడపలో లేదు. ఆర్టీసీ వాళ్ళ క్యాట్ కార్డు ఉండేదిగానీ, అది చూపిస్తే టికెట్టులో పది శాతం తగ్గేది, అంతే. దాంట్లో డబ్బు ఉండేది కాదు. మా వైపు తనంతట తాను నిండే ఛార్జీ కార్డు ఏదైనా ఉందంటే అది బండి అద్దానికి అంటించే ఫాస్టాగ్ ఒక్కటే. బస్సు కార్డు గురించి మొదలుపెట్టి టోల్‌గేటు దగ్గరికి పోతున్నాడేమిటి అనుకోకండి. రిజర్వు బ్యాంకు దృష్టిలో ఈ రెండూ ఒకే జాతి. మెట్రోల్లో, బస్సుల్లో చెల్లే నేషనల్ కామన్ మొబిలిటీ కార్డునీ, ఫాస్టాగ్‌నీ కలిపి, 2024 ఆగస్టులో ఒకే ఆదేశంతో ఆటో రీచార్జికి దారి సులువు చేసింది.

ఇక చిన్నాయన. పత్తికొండ దగ్గర మాకు కొంచెం మెట్ట ఉంది. ఆయన దానితోపాటు ఒక బొలెరో పికప్ నడుపుతాడు. టమోటా కాలంలో పత్తికొండ మార్కెట్టునుంచి హైదరాబాదుకి బాడుగలు. కర్నూలు దాటి తుంగభద్ర వంతెన దిగాక పుల్లూరు, ఆపైన శాఖాపూర్, రాయికల్. పోయేటప్పుడు మూడు గేట్లు, వచ్చేటప్పుడు మూడు. ట్యాగు అంటించిన కుర్రాడు ‘అన్నా, ఇది పెట్టుకుంటే ఎప్పుడూ గేటు కాడ ఆగే పనుండదు’ అని చెప్పి, ఆయన ఫోనుకి వచ్చిన ఓటీపీ కొట్టి ఆటో రీచార్జి పెట్టించాడు. నిల్వ రెండొందలకి తగ్గితే ఐదొందలు తెచ్చుకుంటుంది. నాలుగు నెలలు బాగానే నడిచింది.

టమోటాకి రేటు లేని ఒక నెలలో, పికప్ కంతు కట్టాల్సిన తేదీకి ముందురోజు ఆయన ఖాతాలో 12,750 రూపాయలు ఉన్నాయి. కంతు 12,400. సరిపోతాయని లెక్క చూసుకునే బండి తీశాడు. రాత్రి రాయికల్ దాటాక ట్యాగులో నిల్వ గీత దాటి కిందికి పోయింది. ఐదొందలు వచ్చి చేరాయి. పొద్దున కంతు వెనక్కి పోయింది. బ్యాంకు 590 రూపాయలు పట్టుకుంది, ఫైనాన్సు వాళ్ళు వాళ్ళ జరిమానా వాళ్ళు వేశారు. ట్యాగు చేసిన పనిలో తప్పేమీ లేదు. దానికి చెప్పిన పనే చేసింది. దానికి తన ఆకలి తెలుసు, ఆ ఖాతాకి ఇంకెవరు చేయి చాపుకుని ఉన్నారో తెలియదు.

ఫోనులో నేను ఈ వివరమంతా చెప్తుంటే చిన్నాయన ఓపిగ్గా విని, “అది సరే నాయనా, నా ఖాతాలో దుడ్లు తీసేముందు నన్నొక మాట అడగల్ల కదా? అంగట్లో అప్పు రాసేటోడు గూడా రాసుకోనా అని అడుగుతాడే” అన్నాడు. కాసేపాగి, “ఇది మన బోరు కాడి ఆటో స్టార్టరు మాదిరుంది. నీళ్ళున్నెంతసేపు బాగనే ఉంటాది” అన్నాడు.

పుస్తకాలమీద అప్పుడప్పుడు రాసే అలవాటువల్లనేమో, ఎవరైనా ఒక పోలిక చెప్తే అది ఎంతదాకా నిలబడుతుందో లాగి చూడబుద్ధవుతుంది. సీమలో పుట్టనివాళ్ళకి ఆటో స్టార్టరు గురించి చెప్పాలి. త్రీఫేజు కరెంటు ఏ రాత్రి ఏ వేళకి వస్తుందో తెలియని రోజుల్లో రైతు బోరు దగ్గర పడుకోవాల్సి వచ్చేది. చీకట్లో మోటారు వెయ్యబోయి షాకు కొట్టినవాళ్ళూ, పాము కరిచినవాళ్ళూ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అప్పుడు ఈ చిన్న పెట్టె వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు ఇంట్లో పడుకోవచ్చు. ఎన్ని ప్రాణాలు కాపాడిందో. కానీ అదే పెట్టె, చేను తడిసిందా లేదా అని చూడదు. కరెంటు ఉన్నంతసేపూ తోడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండి మహాప్రభో అని ప్రభుత్వమే ఊరూరా చెప్పాల్సి వచ్చింది. లేకపోతే భూమిలో నీళ్ళు మిగలవు.

పోలిక ఇక్కడిదాకా బాగానే నిలబడింది. ఒక్కచోట మాత్రం మోటారే నయం. ఈమధ్య వచ్చే స్టార్టర్లలో డ్రై రన్ అని ఒక రక్షణ ఉంటుంది. బోరులో నీళ్ళందకపోతే మోటారు కాలిపోకుండా ఆపేస్తుంది. అంటే ఆ యంత్రం నింపాల్సిన తొట్టివైపే కాదు, తోడుతున్న బోరువైపు కూడా చూస్తుంది. నేను చూసిన ఏ ఆటో రీచార్జిలోనూ ఈ రెండో చూపు లేదు. కార్డులో నిల్వకి గీత గీసుకోమని అడుగుతుంది. ఖాతాలో ఇంతకంటే తగ్గితే ముట్టుకోవద్దు అని ఇంకో గీత గీసుకోనివ్వదు. కార్డు ఇచ్చేది ఒకరు, ఖాతా ఉండేది ఇంకొకరి దగ్గర కావడం వల్ల అది కొంచెం కష్టమే, ఒప్పుకుంటాను. అసాధ్యమైతే కాదు.

పైగా ఉన్న ఒక్క రక్షణ కూడా పోయింది. ఖాతానుంచి ఇలా మళ్ళీమళ్ళీ తీసుకునే చెల్లింపులకి 24 గంటల ముందు కబురు పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. 2021 అక్టోబరునుంచి అది గట్టిగా అమల్లో ఉంది. 2024లో ఫాస్టాగ్‌కీ, మొబిలిటీ కార్డుకీ ఆ ముందు కబురు అక్కరలేదని మినహాయించారు. కారణం సబబైనదే. ఏ రోజు ఏ గేటు దాటుతామో ముందే తెలియదు, గేటు దగ్గర 24 గంటలు ఆగలేం. కానీ చిన్నాయన అడిగింది ఆ కబురునే. తీసుకున్నాక వచ్చే మెసేజీ ఆయనకి అందింది. తెల్లవారుజామున, షాద్‌నగర్ దాటాక.

మా బస్సుల్లో ఇంకో పద్ధతి ఉంది. 35 రూపాయల టికెట్టుకి వంద ఇస్తే, చిల్లర లేని కండక్టరు టికెట్టు వెనక 65 అని రాసి గుండ్రం చుడతాడు. కాగితం టికెట్ల కాలంలోనూ రాశారు, మిషను టికెట్లమీదా రాస్తున్నారు. కర్నూలునుంచి కడప పోయే బస్సులో ఆళ్ళగడ్డ దాటినా చిల్లర రాకపోతే మైదుకూరు దగ్గరనుంచి జనం లేచి ముందుకి నడవడం మొదలుపెడతారు. దిగేవాళ్ళిద్దరిని జతచేసి, చేతిలో ఒకే నోటు పెట్టి, మీరూ మీరూ పంచుకోండి అనడం కూడా మామూలే. ముక్కూమొహం తెలియనివాళ్ళని భాగస్తుల్ని చేసే ఈ విద్యని ఏ యాప్‌లోనూ చూడలేదు. నాకు కావలసింది అందులోని లెక్క. అక్కడ ప్రయాణికుడు సంస్థకి కాసేపు అప్పిస్తున్నాడు, రాతకోతలతో సహా. ముందుగా డబ్బు వేసుకున్న కార్డు కూడా అదే. మనం కార్డు ఇచ్చినవాళ్ళకి అప్పిస్తున్నాం, అందులో పడి ఉన్న డబ్బుకి వడ్డీ రాదు. ఆటోలోడ్ అంటే ఆ అప్పు తీరీతీరకముందే మళ్ళీ ఇవ్వడం.

మరి వాళ్ళు మనకి ఎప్పుడైనా అప్పిస్తారా? ఆక్టోపస్ ఇస్తుంది. నిల్వ చాలకపోయినా ఒకసారికి వెళ్ళనిచ్చి, కార్డుని మైనస్‌లోకి పోనిస్తుంది. కార్డు కొన్నప్పుడు కట్టిన డిపాజిట్ ఉంది కదా, ఆ ధైర్యం. తరవాత డబ్బు వేసినప్పుడు పట్టుకుంటుంది. నా దృష్టిలో ఆటోలోడ్‌కంటే గొప్ప ఆలోచన ఇది. రెండూ చేసేది ఒకే పని, గేటు దగ్గర మనిషి ఆగిపోకుండా చూడటం. ఒకటి ఆ పనికి మన ఖాతా తాళం అడుగుతుంది, రెండోది ఒక్క ప్రయాణానికి మనల్ని నమ్ముతుంది.

ఫాస్టాగ్‌లోనూ ఈ నమ్మకం ఉంది. 2021 ఫిబ్రవరిలో, ఫాస్టాగ్ తప్పనిసరి చేస్తున్న రోజుల్లోనే, జాతీయ రహదారుల సంస్థ కనీస నిల్వ నిబంధన తీసేసింది. ట్యాగులో చాలినంత లేకపోయినా బండిని పోనిస్తారు, మైనస్‌లోకి పోతే సెక్యూరిటీ డిపాజిట్‌నుంచి పట్టుకుంటారు. అయితే ఆ సడలింపు కార్లు, జీపులు, వ్యాన్ల తరగతికి. సరుకు బళ్ళకి కాదు. 2025 ఆగస్టు 15న, మా అమ్మకి సున్నా టికెట్టు మొదలైన రోజునే, 3,000 రూపాయలకి రెండొందల గేట్లు దాటే సాలుసరి పాసు వచ్చింది. అదీ సొంత కార్లకే. పసుపు బోర్డు బండి ట్యాగులో డబ్బు లేక ఆగితే నగదుకి రెట్టింపు కట్టాల్సి వచ్చేది. 2025 నవంబరునుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. కారున్న నాకు మినహాయింపుమీద మినహాయింపు. రోజూ ఆ రోడ్డుమీదే బతికే మనిషికి ఆటో రీచార్జి.

ఇది ఎవరో కుట్ర చేసి పెట్టిందని నేననుకోను. కారువాళ్ళు ఎక్కువ గొడవ చేస్తారు, అంతే. సరుకు బండికి బాడుగలో టోలు కలుపుకుంటారులే అని కూడా లెక్క వేసుకుని ఉంటారు. టమోటా కిలోకి పది రూపాయలు కూడా రాని నెలలో ఆ బాడుగ ఎవరిస్తారో లెక్క వేసినవాళ్ళకి తెలియాలి.

చిన్నాయన మాత్రం నేను యాప్‌లో మ్యాండేట్ ఎలా రద్దు చెయ్యాలో చెప్పబోతే వద్దన్నాడు. గేటు దగ్గర ఆగకుండా పోవడం ఆయనకీ ఇష్టమే. పిన్ని పేరుమీద పాత జనధన్ ఖాతా ఒకటి ఊరికే పడి ఉంటే, కొత్త ట్యాగు తీసుకుని దానికి తగిలించాడు. మార్కెట్టులో బాడుగ చేతికి రాగానే టోలుకి కావలసినంత అందులో వేస్తాడు, ఒక్క రూపాయి ఎక్కువ వెయ్యడు. కంతుల ఖాతా వేరే. “ఇప్పుడు ఎంతన్నా తోడుకోనీ. ఆ బోరులో నేనెంత పోస్తే అంతే” అన్నాడు. కొత్త ఖాతా మెసేజీలు పిన్ని ఫోనుకి వస్తాయి. బండి ఏ గేటు ఎన్నింటికి దాటిందో ఇప్పుడు ఆవిడకి మాకందరికంటే ముందు తెలుస్తోంది.